పై పోర్షన్‌కి టూలెట్ బోర్డు పెట్టేయండి, బాబాయిగారూ

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంటులో 33 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు, నా పేరు మీదే ఉంది. మా అబ్బాయి 2011లో ఎంఎస్ చదవడానికి టెక్సస్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరాడు. కోడలు కూడా ఉద్యోగం చేస్తుంది. పాపకి పదేళ్లు, బాబుకి ఆరేళ్లు, ఇద్దరూ అక్కడే పుట్టారు. 2016లో వాళ్ల కోసం మేడ మీద పోర్షన్ వేశాం, సగం డబ్బు అబ్బాయే పంపాడు. ఇన్నేళ్లలో అందులో వాళ్లు ఉన్నది మొత్తం కలిపితే యాభై రోజులు కూడా ఉండదు. మా ఆవిడ ప్రతి శుక్రవారం తాళం తీసి తుడిచి వస్తుంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ప్లాంటులో పనిచేసే ఒక కుర్రాడు అద్దెకిమ్మని అడుగుతున్నాడు. అతని భార్య నర్సు. మా అబ్బాయేమో "వద్దు నాన్నా, ఇంకో రెండేళ్లలో వచ్చేస్తాం" అంటాడు. ఈ రెండేళ్ల మాట పదేళ్ల నుంచి వింటున్నాం. గ్రీన్‌కార్డుకి 2016లో పెట్టారట, ఇంకా రాలేదు. 2021లో అక్కడ ఇల్లు కూడా కొన్నాడు. ఇప్పుడు వైజాగ్‌కి గూగుల్ కూడా వస్తోంది కదా, ఇంకా ఎందుకు ఆలోచిస్తున్నాడు? అసలు వస్తాడా, రాడా? మా పెంపకంలో ఏమైనా లోపం ఉందా? మాది రాజాం దగ్గర పల్లె. అక్కడి ఇల్లు చూసుకునేవాళ్లు లేక 2004లో అమ్మేశాం. ఇదీ అలాగే అవుతుందేమోనని బెంగ.

— ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: బాబాయిగారూ, నమస్కారం.

మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. లేకపోతే మిగతాదంతా మీరు మనసు పెట్టి చదవరు. పెంపకంలో లోపం ఏమీ లేదు. నిజంగా లోపం ఉన్న పిల్లలు "అద్దెకిచ్చుకోండి, నాకేం సంబంధం" అని ఎప్పుడో తేల్చేస్తారు. పదేళ్లుగా "వచ్చేస్తాం" అంటున్నాడంటే, మీ మనసు కష్టపెట్టే మాట ఒకటి నోట్లో పెట్టుకుని, దాన్ని మింగలేక, బయటికి అనలేక తిరుగుతున్నాడన్నమాట.

వస్తాడా అంటే, నా అంచనా రాడనే. పాప ఎనిమిదో క్లాసుకి వచ్చేలోపు, అంటే ఇంకో మూడేళ్లలోపు, కదిలితే కదలాలి. ఆ తర్వాత కష్టం. ఒకవేళ వచ్చినా మీ మేడ మీదకి రాడు. అది ఎందుకో కింద చెబుతాను, మీరడిగిన గూగుల్ దగ్గర.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, నేను వెళ్లి తిరిగొచ్చినదాన్ని. 2002లో పెళ్లయి ఒహాయో వెళ్లాను, 2013లో సీతమ్మధారకి వచ్చేశాం. ఎవరు అడిగినా "అత్తగారికి ఒంట్లో బాగుండటం లేదండీ, అందుకే వచ్చేశాం" అనేదాన్ని. అబద్ధం కాదు, ఆవిడకి షుగరు, బీపీ రెండూ ఉండేవి. కాకపోతే అవి 2005 నుంచీ ఉన్నాయి. మరి 2005లో ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అసలు సంగతి వేరు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, భర్త వీసా మీద వెళ్లి, పదకొండేళ్లు ఒక్క రూపాయి సంపాదించకుండా కూర్చున్నాను. ఆ వీసాని హెచ్-4 అంటారు. దాని మీద ఉద్యోగం చేయడానికి అప్పట్లో వీల్లేదు. 2013లో మావారి కంపెనీ వేరే ఊరికి మారమంది, మాది అద్దె ఇల్లు, పాపకి తొమ్మిదేళ్లు. ఇవన్నీ ఒకే నెలలో ఒక్కచోట కలిశాయి. అత్తగారి ఆరోగ్యం మాత్రం చుట్టాలకి చెప్పుకోవడానికి మర్యాదగా ఉండే కారణం. 2015 మేలో, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్ల భార్యలకీ భర్తలకీ అమెరికా ప్రభుత్వం పని చేసుకునే అనుమతి ఇచ్చింది. అప్పటికి మేం వచ్చి రెండేళ్లయింది. పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఒహాయో స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది ఈ వార్త. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే నేను కచ్చితంగా రాకపోయి ఉండేదాన్ని. ఈ మాట అత్తగారికి ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

నా సొద ఇంత చెప్పింది ఎందుకంటే, బయటి దేశంలో ఉండిపోవాలని కూర్చుని నిర్ణయించుకున్నవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. వెళ్లడానికి నిర్ణయం కావాలి, రావడానికి అంతకంటే పెద్ద నిర్ణయం కావాలి. ఉండిపోవడానికి ఏదీ అక్కర్లేదు. ఈ ఏడాది ఏమీ చేయకపోతే చాలు, ఉండిపోయినట్టే. మీ అబ్బాయి పదేళ్లుగా మీ దగ్గర ఏదో దాస్తున్నాడని అనుకోకండి. అతనింకా నిర్ణయించుకోనే లేదు, దాచడానికి ఏముంది?

పైగా అతని కాలెండరు అతని చేతిలో లేదు. అమెరికాలో ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి పోకూడదని 1990లో చట్టం రాసుకున్నారు. నూట నలభై కోట్ల మందున్న మనకీ అదే కొలత, నాలుగు లక్షల మందైనా లేని ఐస్‌లాండ్‌కీ అదే కొలత. మన లైను చాంతాడంత ఎందుకు పెరిగిందో అర్థమైంది కదా. 2025 చివర్లో మనవాళ్లకి ఈబీ-2 అనే తరగతిలో 2013లో పెట్టుకున్నవాళ్ల వంతు నడిచింది. మీవాడిది 2016. మూడేళ్లే కదా తేడా అనుకోకండి, ఆ లైను ఏడాదికి ఏడాది కదలదు. కొన్నిసార్లు వెనక్కి కూడా జరుగుతుంది, మన రేషన్ షాపులో కూడా ఎప్పుడూ అలా చూడలేదు నేను.

సరే, కార్డు వచ్చిందనుకోండి. అప్పుడైనా వస్తాడా? కార్డు చేతికొచ్చాక ముందుగా అనుమతి తీసుకోకుండా ఏడాదికి మించి బయట ఉంటే దాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. "ఇంత కష్టపడి తెచ్చుకున్నది పోగొట్టుకోవడం ఎందుకు, ఇంకో ఐదేళ్లుంటే పౌరసత్వానికి పెట్టుకోవచ్చు, తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) తీసుకుని హాయిగా వైజాగ్‌లో ఉండొచ్చు" అనిపిస్తుంది. ఆ లెక్కన అప్పటికి మీ మనవరాలు కాలేజీలో ఉంటుంది. ఈ లెక్కలో ఎక్కడా మోసం లేదు. ఒక్కొక్క మెట్టు దగ్గరా "ఇంకో రెండేళ్లు" అనడం సబబుగానే ఉంటుంది.

ఇంకొక తమాషా ఉంది. అమెరికావాళ్లు తలుపు బిగించేకొద్దీ మనవాళ్లు తిరిగొచ్చేస్తారని ఇక్కడ మనం అనుకుంటాం. జరిగేది చాలాసార్లు అందుకు తిరగబడి ఉంటుంది. 2025 సెప్టెంబరులో, బయటి దేశం నుంచి కొత్తగా రప్పించుకునే మనిషికి హెచ్-1బి అనే ఉద్యోగ వీసా పెట్టాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఆ వార్త వినగానే లోపలున్నవాడికి వచ్చే మొదటి ఆలోచన, "ఒకసారి బయటికొస్తే మళ్లీ వెళ్లలేనేమో" అని. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉందని తెలిసినవాడే ధైర్యంగా ఒకసారి ఇంటికొచ్చి చూస్తాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాల్సిన మనిషి, ఈలోపు ఇంటి అప్పు వాయిదాలు కడుతున్న మనిషి, "వచ్చి చూద్దాం" అనలేడు.

గల్ఫ్ సంగతి చూడండి. శ్రీకాకుళం వైపు నుంచి వెల్డింగు, ఫిట్టింగు పనులకి వెళ్లినవాళ్లని "ఎప్పుడొస్తావు" అని ఎవరూ అడగరు. కాంట్రాక్టు కాగితమే చెబుతుంది. అక్కడ ఎన్నేళ్లున్నా కూలీకి పౌరసత్వం ఇవ్వరు, చాలామంది పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లలేరు. అందుకే వాళ్లు మొదటి జీతం నుంచీ ఇక్కడి ఇల్లు, ఇక్కడి చెల్లెలి పెళ్లి అని లెక్కేసుకుంటారు. రావడం ఖాయం కాబట్టి మేడ మీద కట్టిన గది వాడతారు. మీవాడి పరిస్థితిలో ఏ తేదీ ఖాయం లేదు, అదే చిక్కు.

మన ఉత్తరాంధ్రకి ఇదేమన్నా కొత్తా? మా తాతల కాలంలో "రంగం పోవడం" అంటే రంగూన్ వెళ్లడం. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి బర్మాకి కూలికి పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లని కోరంగీలు అనేవారు. వాళ్లలో చాలామంది నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేద్దామనే వెళ్లారు, కొందరు అక్కడే పిల్లల్ని కని స్థిరపడ్డారు. 1942లో జపాను బాంబులు పడి కొందరు, 1964 ప్రాంతంలో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక మరికొందరు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. కంచరపాలెం వైపు వెళ్లినప్పుడు బర్మా క్యాంపు అనే పేరు వినబడుతుంది చూడండి, అది ఆ రెండో రాకడ మిగిల్చిన పేరు. తిరిగి రావడమంటే అందరూ సంతోషంగా రావడం అనుకుంటాం. ఈ ఊరికి వచ్చినవాళ్లలో ఎంతమంది ఇష్టపడి వచ్చారో, ఎంతమంది తరిమితే వచ్చారో.

ఇక కోడలి గురించి. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి గురించి రాసింది నాలుగు ముక్కలు, "కోడలు కూడా ఉద్యోగం చేస్తుంది" అని. బాబాయిగారూ, ఏమీ అనుకోకండి, ఈ విషయంలో సగం ఓటు ఆవిడది. మీ అబ్బాయికి కూర్మన్నపాలెం రావడమంటే ఇంటికి రావడం. ఆవిడ ఎప్పుడైనా అక్కడ ఉందా? యాభై రోజులు. ఆవిడకి అది ఇంకో దేశానికి వలస వెళ్లడం లాంటిదే. అక్కడ తన కారు, తన జీతం, ఎప్పుడు వండుకోవాలో తన ఇష్టం. ఇక్కడికొస్తే కింద అత్తగారు, పైన తను, పొద్దున్న ఏడింటికి పాలవాడు ఎవరింటి బెల్లు కొట్టినా తనే దిగాలి. పిన్నిగారు ఎంత మంచివారైనా సరే. నేను వచ్చిన కొత్తలో ఆర్నెల్లు రోజూ ఏడ్చాను, అదీ నేను పుట్టి పెరిగిన ఊళ్లోనే. మళ్లీ ఉద్యోగం దొరకడానికి రెండేళ్లు పట్టింది. తిరిగొచ్చిన కుటుంబాల్లో మగవాళ్లు ఊరి గురించి కబుర్లు చెబుతారు, బీచ్ రోడ్డు మీద మురీ మిక్స్చర్ ఫొటోలు పెడతారు. ఆడవాళ్లు ఏమంటున్నారో వంటింట్లోకి వెళ్లి అడగాలి.

పిల్లల చదువు గురించి మా ఇంటి సంగతే చెబుతాను. తొమ్మిదేళ్ల పిల్లని తెచ్చి ఇక్కడ నాలుగో క్లాసులో వేశాం. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల, తెలుగు వాచకం చూసి బిక్కచచ్చిపోయింది. వత్తుల దగ్గర మూడు నెలలు యుద్ధం. లెక్కల్లో క్లాసు కంటే వెనకబడింది. అయినా తొమ్మిదేళ్లు కాబట్టి ఏడాదిలో సర్దుకుంది. పద్నాలుగేళ్ల పిల్లని తెచ్చిన మా స్నేహితులు రెండేళ్లకి వెనక్కి వెళ్లిపోయారు, వాళ్లకి అప్పటికి కార్డుంది కాబట్టి వెళ్లగలిగారు. అందుకే ఎనిమిదో క్లాసు అన్నాను. ఇంత చేసి, మా అమ్మాయి 2022లో డిగ్రీ చదవడానికి ఒహాయోకే వెళ్లింది. తను పుట్టింది అక్కడే, పాస్‌పోర్టు అక్కడిదే, మేమెవరం ఆపడానికి? తన గదికి తాళం వేయలేదు. అందులో కుట్టు మిషను పెట్టుకున్నాను.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీవాడి వయసులో, ఇద్దరి సంపాదనతో, అది అసలు అడ్డంకి కాదు. తిరిగొచ్చినవాళ్లకి అక్కడి ఆదాయం మీద మొదటి రెండు మూడేళ్లు ఇక్కడ పన్ను పడకుండా ఆర్ఎన్ఓఆర్ అనే వెసులుబాటు ఉంది. అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛనుకి పదేళ్ల పని కావాలి. మనకీ వాళ్లకీ ఆ విషయంలో ఒప్పందం లేదు కాబట్టి పదేళ్లలోపు వచ్చేసినవాళ్లు కట్టింది వదులుకోవాల్సిందే. మీవాడికి అది దాదాపు నిండి ఉండాలి. అతన్ని పట్టి ఉంచేది 2021లో కొన్న ఇల్లు. అప్పుడు అక్కడ గృహ రుణం 3 శాతం దరిదాపుల్లో దొరికేది, రెండేళ్లకే అది రెట్టింపు దాటింది. అంత చవక అప్పున్న ఇంటిని అమ్మాలంటే ఎవరికైనా చేతులు రావు.

ఇప్పుడు గూగుల్. 2025 అక్టోబరులో వాళ్లు విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నారు, నిజమే. కానీ అది డేటా సెంటరు. ఎక్కువగా యంత్రాలుండే చోటు, మనుషులు కట్టేటప్పుడు ఎక్కువ కావాలి, కట్టాక తక్కువ. మీవాడి లాంటి వాళ్లకి పనికొచ్చేవి ఇన్ఫోసిస్ 2023లో తెరిచిన ఆఫీసు లాంటివి, 99 పైసలకి భూమి తీసుకున్న టీసీఎస్ లాంటివి. అవన్నీ ఎక్కడున్నాయి? ఋషికొండ కొండల మీద. కూర్మన్నపాలెం నుంచి అక్కడికి 30 కిలోమీటర్లు. పొద్దున్నే గాజువాక జంక్షన్, ఎన్ఏడీ దాటుకుని, హైవే మీద లారీల మధ్యలోంచి రోజూ వెళ్లి వస్తాడా? మధురవాడలో ఫ్లాటు తీసుకుంటాడు. పిల్లల స్కూలు కూడా అటే చూసుకుంటాడు. శని, ఆదివారాలు మీ ఇంటికొస్తాడు, కింద హాల్లోనే పడుకుంటాడు. ఆ మేడ మీద పోర్షన్ కట్టినప్పుడు మీరు అతని ఉద్యోగాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రాజాం దగ్గర మీ పల్లె నుంచి మీరు స్టీల్ ప్లాంటుకి వచ్చినప్పుడు మీ నాన్నగారితో ఏమన్నారు? "రిటైరయ్యాక వచ్చేస్తాను" అనే ఉంటారు. మీ కాలం వాళ్లందరూ అన్నారు. రాజాం నుంచి కూర్మన్నపాలేనికి పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు, వీసా అక్కర్లేదు, అయినా మీరు వెళ్లలేదు. ఇల్లు అమ్మేశారు. తప్పు చేశారని అనడం లేదు. మీ పిల్లల స్కూలు ఇక్కడ, ప్లాంటు ఆసుపత్రి ఇక్కడ, స్నేహితులు ఇక్కడ. మీ అబ్బాయి చేస్తున్నది కొంచెం ఎక్కువ దూరం నుంచి అదే పని. మీ వీధిలోనే ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఉండి ఉంటారు, వాళ్లనడగండి, తిరిగి వెళ్లడానికి ఊరే లేకపోవడం ఎలా ఉంటుందో.

ఇక చేయాల్సిన పని. అబ్బాయిని అనుమతి అడగకండి, చెప్పండి. "అమ్మకి మోకాళ్లు పనిచేయడం లేదు, పై పోర్షన్ అద్దెకిస్తున్నాం, మీరొచ్చినప్పుడు మా గది మీకిచ్చి మేం హాల్లో పడుకుంటాం" అనండి. మొదటి రోజు కొంచెం ముభావంగా ఉంటాడు. వారం తర్వాత గొంతులో బరువు తగ్గడం మీకే తెలుస్తుంది. ఆ ఖాళీ పోర్షన్ మీకు ఆశలా కనిపిస్తోంది, అతనికి కట్టాల్సిన వాయిదాలా కనిపిస్తోంది. సగం డబ్బు అతనిది కాబట్టి సగం అద్దె మనవరాలి పేరున దాస్తున్నామని చెప్పండి. అంత చేయకపోయినా ఏమీ అనుకోడు, కానీ చెబితే బాగుంటుంది.

"ఎప్పుడొస్తావు" అనే మాట ఇక ఫోన్‌లో వద్దు. ఒక్కసారి మాత్రం, కోడలు కూడా పక్కనుండగా, "పాప ఎన్నో క్లాసుకి వచ్చేసరికి తేల్చుకుంటారు?" అని అడగండి. తేదీ చెబితే మంచిదే. చెప్పకపోతే, "మీరు రాకపోయినా మేం బాగానే ఉంటాం, మా గురించి ఆగొద్దు, మా గురించి రావొద్దు" అనండి. అంటే సరిపోదు, నిజంగా బాగుండే ఏర్పాటు చేసుకోవాలి. అర్ధరాత్రి మీకు ఛాతీ నొప్పి వస్తే టెక్సస్‌లో ఉన్నవాడు ఫోన్ ఎత్తగలడు, అంతే. మేడ మీద నర్సు ఉంటే మెట్లు దిగి వస్తుంది. నిజానికి మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఆ అమ్మాయి నర్సు అన్నదే.

ఇల్లు మీ పేరునే ఉండటం మంచిదైంది. ఎన్నారై కొడుకు పేరున ఉంటే అద్దె ఇచ్చే కుర్రాడు ప్రతి నెలా అద్దెలోంచి టీడీఎస్ అనే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాల్సి వచ్చేది, ఆ గొడవ తెలిస్తే ఎవరూ చేరరు. 11 నెలల అగ్రిమెంటు రాయించుకోండి, ఏడాదేడాదికీ మార్చుకోవచ్చు, మీవాడు నిజంగానే వస్తే ఖాళీ చేయించడం తేలిక. ఒక బీరువాలో వాళ్ల సామాన్లు పెట్టి కిందకి దింపించుకోండి. పిన్నిగారికి మొదట్లో శుక్రవారం సాయంత్రం ఏమీ తోచదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి తీసుకెళ్లండి. అక్కడ మార్గశిర గురువారాల్లో మాత్రం రద్దీ బాగా ఎక్కువ.

మేడ మీదకి కరెంటు మీటరు విడిగా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే బోర్డు పెట్టేముందు అది పెట్టించండి.